గోడంతా ఒకేలా వెలగాలంటే: సీలింగ్‌లో ఏ లైట్, గోడకి ఎంత దూరంలో

సీలింగ్‌లో దాగి ఉండే లైట్లు పెట్టి ఒక గోడ మొత్తాన్ని పై నుంచి కింద దాకా సమానంగా వెలిగించాలని చాలామందికి ఉంటుంది. గది పెద్దగా కనబడుతుంది, కళ్లకి హాయిగా ఉంటుంది, ఎక్కడో ఫోటోల్లో చూసి ముచ్చటపడి కూడా ఉంటారు. తీరా పని అయ్యాక స్విచ్ వేస్తే గోడ మీద వరసగా ఆర్చ్‌లు, ఆర్చ్‌కీ ఆర్చ్‌కీ మధ్య చీకటి, పైన రెండు మూడు అడుగులు మసక. లైటు నాసిరకం అనుకుని ఇంకా ఎక్కువ వాట్లది తెచ్చి పెడతారు, అప్పుడు అవే ఆర్చ్‌లు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడతాయ్. నన్నడిగితే ఏ లైట్ కొనాలి అనేది రెండో ప్రశ్న, గోడకి ఎంత దూరంలో పెట్టగలం అనేది మొదటి ప్రశ్న. దూరం తేలితే సగం ఆప్షన్లు వాటంతటవే రాలిపోతాయ్.

ఆ ఆర్చ్ ఎందుకొస్తుందో ముందు చూద్దాం, ఎందుకంటే మిగతా పోలికంతా దీని మీదే నడుస్తుంది. మామూలు డౌన్‌లైట్ నుంచి వెలుతురు కోన్ లాగా నిట్టనిలువుగా దిగుతుంది, పక్కనున్న గోడ ఆ కోన్‌ని నిలువుగా కోసేస్తుంది, అలా కోస్తే వచ్చే వంపుని లెక్కల్లో హైపర్‌బోలా అంటారు, గోడ మీద మనకి కనబడే ఆర్చ్ అదే. 36 డిగ్రీల బీమ్ (అంటే వెలుతురు కోన్ విచ్చుకునే కోణం) ఉన్న లైటుని గోడకి 1 అడుగు దూరంలో పెడితే ఆర్చ్ శిఖరం సీలింగ్‌కి సుమారు 3 అడుగుల కింద వస్తుంది, దాని పైన ఉన్న గోడంతా దాదాపు ఖాళీ. అదే లైటుని 2 అడుగులకి జరిపితే శిఖరం 6 అడుగుల కిందకి దిగిపోతుంది. అంటే దూరం జరిపినంత మాత్రాన ఆర్చ్ పోదు, కిందకి జారుతుంది అంతే.

రెండో గొడవ ఇంకా పెద్దది. సీలింగ్ 9 అడుగులు, లైటు గోడకి 3 అడుగుల దూరంలో ఉంది అనుకోండి. సీలింగ్ నుంచి 3 అడుగుల కిందున్న చోటుకి వెలుతురు 4 అడుగుల చిల్లర ప్రయాణం చేస్తే చాలు, గోడ అడుక్కి చేరాలంటే తొమ్మిదిన్నర అడుగులు పోవాలి, పైగా అక్కడ గోడని బాగా ఏటవాలుగా తాకుతుంది. దూరం వర్గానికి విలోమంగా తగ్గడం ఒకటి, ఏటవాలు వల్ల పల్చబడటం ఇంకొకటి, రెండూ కలిపి లెక్కేస్తే ఆ రెండు చోట్లా ఒకే వెలుతురు కనబడాలంటే లైటు కింది దిక్కుగా పైదానికంటే 11 రెట్లు ఎక్కువ బలంగా కొట్టాలి. అదే లైటుని గోడకి 1 అడుగు దగ్గరికి తెస్తే 11 కాస్తా 23 రెట్లు అవుతుంది, 4.5 అడుగులకి జరిపితే సుమారు ఆరున్నరకి తగ్గుతుంది. కాబట్టి దూరం పెరిగే కొద్దీ సమానంగా వెలిగించడం తేలిక. మరి ఇంకా దూరం జరిపేద్దామా అంటే కుదరదు, వెలుతురు గోడకి చేరకముందే గదిలో కారిపోతుంది, మనుషులు మధ్యలో నడిస్తే వాళ్ల నీడ గోడ మీద పడుతుంది, గోడ వైపు తిరిగి కూర్చున్న వాళ్లకి కాదు గానీ ఆ గోడకే వీపు పెట్టి కూర్చున్న వాళ్ల కళ్లలోకి లైటు కొట్టే ప్రమాదం ఉంది. ఈ రెండిటి మధ్య రాజీగా వచ్చిందే అందరూ చెప్పే లెక్క, గోడ ఎత్తులో మూడో వంతు దూరం. 9 అడుగుల గోడకి 3 అడుగులు, 12 అడుగుల గోడకి 4 అడుగులు.

ఇదేం కొత్త విద్య కాదు. రిచర్డ్ కెల్లీ అనే అమెరికన్ లైటింగ్ డిజైనర్ 1950ల్లోనే దీని మీద పని చేశాడు, న్యూయార్క్‌లో 1958లో పూర్తయిన సీగ్రమ్ బిల్డింగ్ లాబీలో ట్రావర్టైన్ రాతి గోడలు పై నుంచి కింద దాకా వెలుగుతూ ఉంటాయి, లైట్లు మాత్రం సీలింగ్‌లో పెద్దగా కంటికి ఆనవు. అప్పట్లో ఎల్ఈడీలు లేవు, మామూలు బల్బులతో, రిఫ్లెక్టర్ వంపుతో సాధించారు. ఇప్పుడు ఎల్ఈడీ వచ్చి పని తేలికైంది గానీ లెక్క మారలేదు.

ఇక ఆప్షన్లు

మామూలు డౌన్‌లైట్ గురించి చెప్పేశాను, సమానమైన వెలుతురు కావాలంటే ఇది వద్దు. ఆర్చ్‌లే డిజైన్‌గా కావాలనుకునే వాళ్లు ఉంటారు, కారిడార్‌లో ఒక లయగా బాగానే ఉంటుంది, అది వేరే సంగతి. ఒకవేళ చేతిలో ఇవే ఉన్నాయి, మార్చే వీల్లేదు అంటే 60 డిగ్రీలు, అంతకంటే వెడల్పు బీమ్ ఉన్నవి తీసుకుని కాస్త దగ్గర దగ్గరగా పెడితే ఆర్చ్ అంచులు మెత్తబడతాయ్. అంతకు మించి ఆశించొద్దు.

తల తిప్పే లైట్లు, షాపుల్లో టిల్ట్ అనో, జింబల్ అనో, అడ్జస్టబుల్ అనో అంటారు. ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే ఎక్కడైనా దొరుకుతాయి, తర్వాత పెయింటింగ్ వైపు తిప్పుకోవచ్చు, సోఫా వైపు తిప్పుకోవచ్చు. వీటితో గోడని సమానంగా వెలిగించొచ్చా అంటే, ఓ మాదిరిగా. 3 అడుగుల దూరంలో పెట్టి 30 డిగ్రీలు గోడ వైపు వంచితే బీమ్ మధ్య భాగం సీలింగ్‌కి 5 అడుగుల చిల్లర కింద, అంటే 9 అడుగుల గోడకి దాదాపు నడుమున తగులుతుంది. 36 డిగ్రీల బీమ్ అయితే పై అంచు సీలింగ్‌కి రెండున్నర అడుగుల పైనే కింద మొదలవుతుంది, గోడ మీద గుడ్డు ఆకారం వస్తుంది. పక్క వెడల్పు 4 అడుగులకి కాస్త తక్కువ, కాబట్టి 3 అడుగులకొకటి పెడితే ఒకదాని మీద ఇంకోటి కొంచెం ఎక్కుతాయ్. అదే 24 డిగ్రీలది తెచ్చారనుకోండి, వెడల్పు రెండున్నర అడుగులే, 3 అడుగుల ఎడంలో పెడితే మధ్యలో చీకటి చారలు ఖాయం. షాపులో 24 డిగ్రీలది గోడ మీద వేసి చూపిస్తే చాలా గొప్పగా వెలుగుతుంది, ఒక్కటే కదా, అందుకే.

టిల్ట్ లైట్ తీసుకుంటే బీమ్ వెడల్పుది తీసుకోండి, ముందు స్ప్రెడ్ లెన్స్ పెట్టుకునే వీలుందా అడగండి. స్ప్రెడ్ లెన్స్ అంటే గాజు మీద సన్న సన్న గీతలుంటాయ్, గీతలకి అడ్డంగా ఉన్న దిక్కులో వెలుతురుని లాగుతుంది, గుడ్డుని పొడుగ్గా సాగదీస్తుంది. ఇంకో విషయం, వంచిన లైటు అంచు రింగ్ దాటి బయటకి కనబడితే కళ్లలోకి కొడుతుంది, వంచినా లోపలే ఉండేలా లోతుగా కూర్చున్న మోడల్ చూసుకోవాలి.

నేను ఎక్కువగా సిఫార్సు చేసేది మూడోది, అసలైన వాల్ వాషర్. బయటి నుంచి చూస్తే మామూలు డౌన్‌లైట్ లాగే గుండ్రంగానో చదరంగానో ఉంటుంది, లోపల మాత్రం రిఫ్లెక్టర్ గానీ లెన్స్ గానీ ఒక పక్కకి వాలి ఉంటుంది, వెలుతురుని గోడ వైపు విసురుతుంది. పైన చెప్పిన 11 రెట్ల లెక్క ఉంది కదా, మంచి వాల్ వాషర్ లోపల జరిగేది ఆ సర్దుబాటే, గోడ కింది భాగానికి ఎక్కువ, పై భాగానికి తక్కువ, అలాగే సీలింగ్ అంచు దాకా కొంచెం వెలుతురుని పైకి తన్నే చిన్న రిఫ్లెక్టర్ ముక్క కూడా కొన్నిట్లో ఉంటుంది. దీన్ని వంచాల్సిన పని లేదు, గోడ వైపు తిప్పి బిగిస్తే చాలు.

కానీ ఇక్కడ ఒక మోసం ఉంది, మోసం అనకూడదేమో, కొన్ని కంపెనీలు మామూలు డౌన్‌లైట్‌కి సగం మూత లాంటి ట్రిమ్ పెట్టి వాల్ వాష్ అని రాసేస్తాయ్. ఆ సగం మూత గది వైపు గ్లేర్, అంటే కళ్లలోకి కొట్టే వెలుతురు, ఆపుతుంది, బాగానే ఉంటుంది, కానీ గోడ మీద వెలుతురుని పంచే పనేమీ చెయ్యదు. తేడా కనిపెట్టాలంటే పోలార్ గ్రాఫ్ చూపించమనండి. డేటాషీట్‌లో వెలుతురు ఏ దిక్కుకి ఎంత పోతుందో గీసిన బొమ్మ అది. కుడి ఎడమలు ఒకేలా ఉంటే అది మామూలు డౌన్‌లైటే, ఒక పక్కకి వాలి ఉంటే వాల్ వాషర్. డేటాషీట్ లేదంటే ఆ లైటు వదిలెయ్యండి, అంత సులువు. ఐఈఎస్ ఫైల్, అంటే ఆ బొమ్మలోని అంకెలే కంప్యూటర్ చదివే రూపంలో, ఇస్తే ఇంకా మంచిది, డయలక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, గది కొలతలు వేసి ఆ ఫైల్ పెడితే గోడ మీద ఎక్కడ ఎన్ని లక్సులు (ఒక చోట పడే వెలుతురుకి కొలత) పడతాయో చూపించేస్తుంది, కొనకముందే తెలిసిపోతుంది.

నాలుగోది లీనియర్, అంటే సీలింగ్‌లో గోడ వెంబడి పొడుగాటి గాడి చేసి దాంట్లో ఎల్ఈడీ పెట్టడం. అడ్డంగా చూస్తే దీన్ని మించింది లేదు, గీత ఒకటే కాబట్టి ఆర్చ్‌లు అనే మాటే రాదు. నిలువుగా చూస్తే మాత్రం రెండు రకాలు. లెన్స్ ఉన్న లీనియర్ వాల్ వాషర్ అయితే గోడకి తగినంత దూరంలో పెట్టి కింద దాకా తీసుకెళ్లొచ్చు. లెన్స్ ఏమీ లేకుండా గోడని ఆనుకుని గాడిలో ఎల్ఈడీ స్ట్రిప్ అంటించేస్తే, చాలా చోట్ల చేసేది ఇదే, పైన ఒకటి రెండు అడుగులు భగభగ వెలిగి నడుము దగ్గరికి వచ్చేసరికి ఏమీ ఉండదు. అందంగా ఉండొచ్చు, సీలింగ్ తేలుతున్నట్టు అనిపిస్తుంది, కానీ అది సమానమైన గోడ కాదు. స్ట్రిప్ చుక్కలు చుక్కలుగా కనబడకుండా అల్యూమినియం ప్రొఫైల్, డిఫ్యూజర్ తప్పనిసరి.

ఇక గ్రేజింగ్. గోడకి అర అడుగు నుంచి 1 అడుగు లోపు లైట్లు పెట్టి పై నుంచి రాసుకుంటూ పోయేలా వెలిగించడం. రాయి, ఇటుక, గీతలు చెక్కిన కలప ప్యానెల్ ఉన్న గోడకి ఇది ప్రాణం పోస్తుంది, ప్రతి ఎత్తుపల్లానికీ నీడ వస్తుంది. అదే కారణం చేత మామూలు పుట్టీ, పెయింట్ గోడకి దీన్ని పెడితే మేస్త్రి చేతి వాటం మొత్తం బయటపడుతుంది. పగలు అద్దంలా ఉన్న గోడ రాత్రి లైటు వేసేసరికి రోలర్ గీతలు, జిప్సమ్ బోర్డ్ జాయింట్లు, స్విచ్ బోర్డు చుట్టూ అతికిన మచ్చ అన్నీ చూపిస్తుంది. పెయింటర్ని పిలిచి మళ్లీ కొట్టించినా పెద్దగా తేడా రాదు, కోణమే అలాంటిది. లైట్లు వెనక్కి జరపాల్సిందే.

లైట్ల మధ్య ఎడం, మూలలు

మొదలుపెట్టడానికి తేలికైన లెక్క, గోడ నుంచి ఎంత దూరమో లైటుకీ లైటుకీ మధ్య అంతే దూరం. చివర్లో పక్క గోడ నుంచి దాంట్లో సగం. 12 అడుగుల పొడుగు, 9 అడుగుల ఎత్తు గోడ తీసుకోండి, గోడకి 3 అడుగులు, మధ్యలో 3 అడుగులు, రెండు చివర్లా అడుగున్నర, సరిగ్గా 4 లైట్లు పడతాయ్. కొన్ని మంచి వాల్ వాషర్లకి ఎడం ఒకటిన్నర రెట్ల దాకా కూడా ఇవ్వొచ్చని డేటాషీట్‌లోనే రాసి ఉంటుంది, రాసి ఉంటేనే నమ్మండి. పొదుపు కోసం ఒక లైటు తగ్గించి సాగదీస్తే డబ్బులు మిగులుతాయ్ గానీ చారలు వస్తాయ్. ఒకటో రెండో వాల్ వాషర్లు పెట్టి గోడ సమానంగా లేదని బాధపడితే లాభం లేదు, ఇవి ఒకదాని వెలుతురు ఇంకోదాని మీద ఎక్కి కలిసిపోవడం వల్ల పనిచేస్తాయ్, కనీసం మూడు ఉండాలి.

దూరం కొలిచేది వెలగాల్సిన తలం నుంచి. గోడ మొత్తం కర్టెన్ ఉంటే కర్టెన్ మడతల నుంచి, వార్డ్‌రోబ్ ఉంటే షటర్ ముఖం నుంచి. ఫాల్స్ సీలింగ్ డ్రాయింగ్‌లో గోడ గీత నుంచి కొలిచి రంధ్రాలు కోసేశాక రెండు అడుగుల లోతు వార్డ్‌రోబ్ వచ్చి కూర్చుంటే ఇక మిగిలేది 1 అడుగు, అప్పుడు వాల్ వాషర్ కాస్తా గ్రేజర్ అయిపోతుంది.

కోసే ముందు సీలింగ్ పైన ఏముందో కూడా చూడాలి. ఏసీ డక్ట్, కాంక్రీట్ బీమ్, ఫ్రేమ్ ఛానెల్ సరిగ్గా అక్కడే అడ్డొస్తే ఒక్క లైటుని పక్కకి జరిపేస్తుంటారు, వరసలో ఒక్కటి అర అడుగు తప్పినా గోడ మీద వెంటనే తెలిసిపోతుంది, జరిపితే వరస మొత్తం జరపాలి. వాల్ వాషర్లకి లోపల లోతు మామూలు వాటికంటే ఎక్కువే పడుతుంది, డ్రైవర్ (ఎల్ఈడీకి తగ్గట్టు కరెంటు ఇచ్చే డబ్బా) పెట్టడానికి చోటు వేరే. సీలింగ్ పైన వేడి ఆగడానికి ఇన్సులేషన్ పరిచి ఉంటే దానికి ఆనినా ఫర్వాలేదని రేటింగ్ ఉన్న లైటే తీసుకోవాలి.

గోడ సంగతి

ఎంత మంచి లైటు పెట్టినా గోడ సహకరించకపోతే డబ్బు దండగ. తెల్లటి మ్యాట్ పెయింట్ పడిన వెలుతురులో సుమారు 80 శాతం వెనక్కి పంపుతుంది, ముదురు నీలమో బొగ్గు రంగో అయితే 10 శాతం దగ్గర. ముదురు గోడని తెల్ల గోడంత వెలిగినట్టు చూపించాలంటే 8 రెట్ల వెలుతురు పొయ్యాలి, ఎవరూ పొయ్యరు. రంగు ముదురే కావాలనుకుంటే వాల్ వాషింగ్ ఆలోచన మానేసి ఆ డబ్బుతో రెండు మూడు పెయింటింగ్‌ల మీద టిల్ట్ లైట్లు పెట్టుకోండి, బాగుంటుంది. గ్లాసీ పెయింట్, పాలిష్ చేసిన రాయి, లామినేట్ షీట్ లాంటి మెరిసే గోడలకి కూడా ఇది నప్పదు, వెలుతురు గోడ మీద పరుచుకోదు, లైటు బొమ్మ మాత్రం అద్దంలో కనబడ్డట్టు కనబడుతుంది. టీవీ గోడ అయితే ఆలోచించాలి, స్క్రీన్ మీద పడే భాగం డిమ్ చేసుకునే వీలుండాలి.

ఎన్ని ల్యూమెన్లు, ఏ రంగు

ఇంటి గోడకి సగటున 100 నుంచి 150 లక్సులు వస్తే తెల్ల గోడ చక్కగా వెలిగినట్టే. పైన చెప్పిన 12 అడుగుల గోడ సుమారు 10 చదరపు మీటర్లు, 150 లక్సులకి 1500 ల్యూమెన్లు (మొత్తం వెలుతురుకి కొలత, చదరపు మీటరుకి ఒకటి పడితే ఒక లక్సు) గోడ మీద పడాలి, లైటు నుంచి బయటికొచ్చే దాంట్లో సగమే గోడకి చేరుతుందనుకుని లెక్కేస్తే మొత్తం 3000, నాలుగు లైట్లకి తలా 750. ఇది అంచనా మాత్రమే, డయలక్స్‌లో వేస్తే అసలు అంకె వస్తుంది. కాస్త ఎక్కువ తీసుకుని డిమ్మర్ పెట్టుకోవడం మంచిది, కాకపోతే డ్రైవరూ డిమ్మరూ ఒకదానికొకటి పడాలి, లేకపోతే తగ్గించగానే మినుకు మినుకుమంటాయ్.

రంగు 2700 కెల్విన్ (పసుపు ఛాయ) కావాలా 3000 కావాలా 4000 (తెలుపు) కావాలా అనేది మీ ఇష్టం, గోడకి సంబంధించినంత వరకు దానికంటే ముఖ్యమైంది నాలుగు లైట్లూ ఒకే రంగులో ఉండటం. గదిలో చెల్లాచెదురుగా ఉన్న లైట్ల రంగు కాస్త తేడాగా ఉన్నా తెలియదు, ఒకే తెల్ల గోడ మీద పక్కపక్కన పడితే ఒకటి గులాబీ, ఒకటి ఆకుపచ్చ ఛాయలో ఇట్టే దొరికిపోతాయ్. 3 స్టెప్ లేదా అంతకంటే తక్కువ (లైటుకీ లైటుకీ రంగు తేడాకి కొలత, ఎంత తక్కువైతే అంత మంచిది) అని రాసి ఉన్నవి, అన్నీ ఒకే బ్యాచ్‌లో తీసుకోవాలి, ఒకటి రెండు అదనంగా కొని దాచుకోవాలి. సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే అంకె, 100 గరిష్ఠం) 90 పైన ఉంటే గోడ రంగు, బొమ్మల రంగులు నిజంగా కనబడతాయ్.

అయితే ఏది తీసుకోవాలి

ఫాల్స్ సీలింగ్ ఇంకా వెయ్యలేదు, గోడ లేత రంగు మ్యాట్, మూడో వంతు దూరం దొరుకుతుంది అంటే రెండో ఆలోచన లేకుండా లెన్స్ వాల్ వాషర్. గోడ బాగా పొడుగ్గా ఉండి సీలింగ్ మీద గుండ్రాల వరస ఇష్టం లేకపోతే లెన్స్ ఉన్న లీనియర్, ఖర్చు ఎక్కువ, గాడి తిన్నగా రావాలి కాబట్టి పనివాళ్లు కూడా మంచివాళ్లు కావాలి. రంధ్రాలు ఇప్పటికే కోసి ఉన్నాయి, గోడకి రెండున్నర మూడు అడుగుల్లో ఉన్నాయంటే అదే కటౌట్‌లో పట్టే వాల్ వాషర్ దొరుకుతుందేమో ముందు వెతకండి, దొరక్కపోతే వెడల్పు బీమ్ టిల్ట్ లైట్, స్ప్రెడ్ లెన్స్‌తో. రంధ్రాలు గోడకి 1 అడుగులోనే ఉన్నాయంటే ఏ లైటు మార్చినా సమానమైన గోడ రాదు, వాటిని మూయించి వెనక్కి కోయించడమో, లేదా ఆ గోడకి రాతి క్లాడింగ్ చేయించి గ్రేజింగ్‌గా మార్చుకోవడమో. గోడ మీద బొమ్మలు తరచూ మారుస్తుంటారు, గాజు ఫ్రేములు ఉన్నాయి అంటే నేను టిల్ట్ వైపే మొగ్గుతాను, బొమ్మ మీద నిలువుకి 30 డిగ్రీల దగ్గర పడేలా పెడితే గాజులో మెరుపు తక్కువ.

ఏది ఎంచుకున్నా రంధ్రం కోసే ముందు ఒక్క లైటు కొని, వైరు, ప్లగ్ తగిలించి, రాత్రి పూట నిచ్చెన మీద నిలబడి అనుకున్న దూరంలో సీలింగ్‌కి ఆనించి పట్టుకుని చూడండి, ఇంకొకర్ని గదికి అటు చివర కూర్చోబెట్టి కళ్లలోకి కొడుతుందా అని అడగండి. అర అడుగు ముందుకీ వెనక్కీ జరిపి చూస్తే ఈ లెక్కలన్నీ గోడ మీదే కనబడతాయ్. బిగించే రోజు పక్కనే ఉండండి, వాల్ వాషర్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఎలక్ట్రీషియన్ మామూలు లైటు లాగే ఎటు పడితే అటు నొక్కేస్తాడు, ఒకటి గోడ వైపు, ఒకటి సోఫా వైపు తిరిగి ఉంటాయ్. చాలావాటికి అంచు మీద గానీ లోపల గానీ బాణం గుర్తు ఉంటుంది, అది గోడకి సూటిగా ఉండాలి, పది డిగ్రీలు పక్కకి తిరిగినా గోడ మీద ఆ ఒక్క చోట వెలుతురు వంకరగా వాలుతుంది. అన్నీ బిగించాక గది చీకటి చేసి, లైట్లు వేసి, గోడ చూస్తూ ఒక్కోదాన్ని చేత్తో కొద్దికొద్దిగా తిప్పి సరిచేయించుకుని ఆ తర్వాతే ఎలక్ట్రీషియన్‌ని పంపండి.